నగర వైద్యుడు పాట్రిక్ గెడ్డిస్

నాడి చూడక మందిచ్చువాడు వైద్యుడు కాడు. నగరముల విషయమునను ఇదియే ధర్మమని చాటినవాడు పాట్రిక్ గెడ్డిస్.

ఆయన 1854వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. బాల్యమునుండియు చెట్టుచేమలన్న ఆయనకు మిక్కిలి ప్రీతి. లండనులో హక్స్లీ పండితునియొద్ద జీవశాస్త్రము నభ్యసించెను. 1879లో మెక్సికోకు పోయినపుడు నేత్రవ్యాధి సోకి, కొన్నివారములు చీకటిగదిలో గడపవలసివచ్చెను. పిమ్మట సూక్ష్మదర్శినితో పనిచేయుట కష్టమై, ఆయన దృష్టి మానవజీవితముపైకి మరలెను.

1886లో ఆయన అన్నా మోర్టనును వివాహమాడెను. ఎడింబరో నగరపు పాతబస్తీ ఆ కాలమున మురికికూపముగా నుండెను. ధనికులెల్లరు దానిని విడిచిపోయిరి. గెడ్డిస్ దంపతులు మాత్రము అచ్చటనే కాపురము పెట్టి, ఇరుగుపొరుగువారిని కూడగట్టుకొని గోడలకు సున్నము వేసిరి. ఖాళీస్థలములను తోటలు గావించిరి. మిక్కిలి శిథిలమైన ఇండ్లను మాత్రమే తొలగించి, తక్కిన ప్రాచీన గృహములను బాగుచేయించిరి.

1914లో గెడ్డిస్ మన దేశమునకు వచ్చెను. ఆయన కూర్చిన నగరప్రదర్శన సామగ్రిని తెచ్చుచున్న ఓడను ఎండెన్ అను జర్మను యుద్ధనౌక ముంచివైచెను. ఆయన అధైర్యపడక, మిత్రుల సాయమున క్రొత్త సామగ్రిని సమకూర్చుకొని 1915లో మదరాసున ప్రదర్శన జరిపెను.

ఆ కాలపు ఇంజనీర్లు పలువురు పాతపేటలను కూల్చి తిన్నని వీధులు వేయగోరిరి. ఇల్లు పోయిన పేదలు మరియొక సందున క్రిక్కిరిసి చేరుదురే కాని, వారి దుఃఖము తీరదని గెడ్డిస్ గ్రహించెను. ఆయన సందుసందున కాలినడకను తిరిగి, గుడి, బావి, చెరువు, చెట్టునీడ ఊరివారికి ఏ విధముగా నుపకరించుచున్నవో తెలిసికొన్న పిమ్మటనే కలము పట్టెడివాడు.

1917లో ఆయన జ్యేష్ఠపుత్రుడు యుద్ధమున మరణించెను. భార్య అప్పటికే జ్వరపీడితురాలు. ఆ వార్త ఆమెకు తెలియనీయక, పుత్రశోకమును ఆయన తనలోనే దాచుకొనెను. కొలది వారములకే ఆమెయు కన్నుమూసెను. అంతటి దుఃఖమునను ఆయన పని మానలేదు.

ఇందూరు నగరమున ప్లేగు ప్రబలియుండెను. ఇండ్లను పరికించుచు తిరుగు ఆ వృద్ధుని చూచి, తమ ఇండ్లు కూల్పించుటకే వచ్చెనని ప్రజలు భయపడిరి. అంతట ఆయన దీపావళి ఉత్సవము నడపు అధికారమును ఒక్కదినమునకు కోరి పొందెను. ఏ వీధులవారు తమ ఇండ్లను చక్కగా శుభ్రపరతురో ఆ వీధులగుండనే ఊరేగింపు సాగునని చాటించెను. ఊరంతయు చీపుళ్లు పట్టెను. ఊరేగింపులో మురికి రాక్షసుడును, ప్లేగు ఎలుకయు బొమ్మలై నడచిరి. వారి వెంట పారిశుద్ధ్యపు పనివారు తెల్లని వస్త్రములు ధరించి, పూలమాలలతో సగౌరవముగా నడచిరి. తుదకు రాక్షసుని, ఎలుకను దహించిరి. భయపడిన ప్రజలే ఆయనకు తోడైరి.

1918లో ఆయన ఇందూరు నగరమును గూర్చి రెండు సంపుటముల నివేదిక రచించెను. మరుసటి యేడు బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1932లో ఫ్రాన్సు దేశమందు పరమపదించెను.

ఊరి పూర్వకథ నెరుగనివాడు ఊరిని బాగుచేయజాలడు. గెడ్డిస్ జీవితము మనకు నేర్పు పాఠమిదియే.