నక్షత్ర కాంతికి కొలత: వైను బప్పు

రాత్రివేళ నారాయణగూడ నుండి చిక్కడపల్లి వైపు నడచిపోయేవారికి దగ్గరి చిన్న దీపమూ, దూరపు పెద్ద దీపమూ సమానమైన కాంతితో తోచవచ్చును. దూరమెంతో తెలియనిదే దీపపు నిజమైన బలం తెలియదు. నక్షత్రాల విషయంలో ఈ చిక్కును విడదీసిన వారిలో మన నగరంలో పెరిగిన వైను బప్పు ఒకరు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ సంకల్పం వలన వెలసిన వేధశాల అది. బేగంపేటలోని ఆ ఆవరణలోనే బాలునికి ఆకాశంతో చెలిమి కుదిరింది. నిజాం కళాశాలలో చదువుకొన్న ఆ రోజులలోనే, కాంతి హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రకటించారు.

హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1949లో హార్వర్డు చేరారు. ఆ జూలైలోనే ఒక ఛాయాచిత్ర ఫలకంపై కొత్త తోకచుక్క ఆయన కంటబడింది. దానికి బప్పు, బోక్, న్యూకిర్క్ అనే ముగ్గురి పేర్లూ నిలిచాయి. బప్పుగారి మాట వచ్చినప్పుడెల్లా పలువురు ఈ తోకచుక్కనే చెబుతారు. దానిలో అదృష్టం పాలు కొంత ఉన్నదని నా అభిప్రాయం. అసలు ఘనకార్యం వేరు.

1952లో డాక్టరేటు పొందిన పిమ్మట, కాలిఫోర్నియాలోని పాలోమార్ వేధశాలకు వెళ్ళి ఒలిన్ విల్సన్‌తో కలిసి పనిచేశారు. సూర్యుని వంటి, అంతకంటె చల్లనైన నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వలన ఏర్పడే నల్లని గీత నడుమ సన్నని వెలుగు రేఖ ఒకటి కనిపిస్తుంది. ఆ రేఖ ఎంత ప్రకాశిస్తున్నదన్నది కాదు, ఎంత వెడల్పుగా ఉన్నదన్నదే ముఖ్యమని వారు తేల్చారు. నక్షత్రపు నిజకాంతి పెరిగినకొద్దీ వెడల్పూ పెరుగుతుంది. 185 నక్షత్రాలను కొలిచి 1957లో ఫలితం ప్రకటించారు. నిజకాంతిలో పది లక్షల రెట్లు తేడా ఉన్న నక్షత్రాలకు సైతం ఒకే నియమం సరిపోయింది. ఇక నిజకాంతిని కనబడే కాంతితో పోల్చితే దూరం దానంతటదే తెలుస్తుంది.

పల్సార్ల నుండి వచ్చే రేడియో స్పందనల బలాన్ని జాన్‌స్కీలలో కొలిచేవారిదీ ఇదే చిక్కు. దీర్ఘతరంగాలు ఎంత ఆలస్యంగా చేరుతున్నాయో చూచి వారు దూరాన్ని అంచనా వేస్తారు.

స్వదేశానికి మరలి వచ్చిన బప్పు నైనిటాల్‌లో వేధశాలను నెలకొల్పారు. 1960లో కొడైకెనాల్ సంచాలకులయ్యారు. చీకటి ఆకాశం వెదకి తమిళనాడులోని కావలూరును ఎంచుకొన్నారు. పెద్ద దూరదర్శినిని దిగుమతి చేసుకొనక ఈ దేశంలోనే నిర్మించాలని ఆయన పట్టుదల. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్ష పదవిలో ఉండగా 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55. కావలూరులో 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో ఆయన పేరుతోనే ప్రారంభమయింది.