తెలుగువారికి విజ్ఞానద్వారాలు తెరచిన కొమర్రాజు లక్ష్మణరావు
(గ్రంథాలయ వారోత్సవాల ప్రత్యేక వ్యాసం)

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల వేళ ప్రథమంగా స్మరించుకోవలసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఒకరు. హైదరాబాదు నగరంలో తెలుగు గ్రంథాలయానికి పునాది వేసిన ఆయన, అందులో ఉంచదగిన శాస్త్రగ్రంథాలను సైతం తెలుగులో వెలువరించేందుకు జీవితాన్ని ధారపోశారు.

లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనకు అక్క, ప్రముఖ రచయిత్రి బండారు అచ్చమాంబ దంపతులు అండగా నిలిచారు. నాగపూరులో వారి ఇంట ఉండి విద్యనభ్యసించారు. మరాఠీలో ప్రావీణ్యం సంపాదించి ఆ భాషలోనూ వ్యాసాలు రచించారు. ఎం.ఏ. పూర్తిచేసిన అనంతరం మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు.

నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో సాగుతూ, తెలుగు నిరాదరణకు గురైన కాలమది. ఆ పరిస్థితులలో మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులతో కలిసి లక్ష్మణరావు 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. రావిచెట్టు రంగారావు గృహంలో ప్రారంభమైన ఈ నిలయం తదుపరి సుల్తాన్‌బజారులో సొంత భవనాన్ని సమకూర్చుకుంది. పఠనంతోపాటు ఉపన్యాసాలకు, సాహిత్య సభలకు వేదికై నగరంలోని తెలుగువారిని ఒక్కచోట చేర్చింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది.

గ్రంథాలయాలు ఏర్పడినప్పటికీ చరిత్ర, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం వంటి విషయాలను తెలుగులో చదువుకోగోరేవారికి పుస్తకాలు కొరవడ్డాయి. ఈ లోటు తీర్చేందుకు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి అవతరించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర దాని తొలి ప్రచురణ. 1908లో మండలి మద్రాసుకు తరలింది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వంటి గ్రంథాలను అది పాఠకులకు అందించింది.

అనంతరం సకల శాస్త్రాల సారాన్ని తెలుగులో అకారాది క్రమంలో క్రోడీకరించే బృహత్కార్యానికి లక్ష్మణరావు పూనుకొన్నారు. అదే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. అనేక వ్యాసాలను స్వయంగా రచించారు. మూడు సంపుటాలు వెలువడినా, అకారంతో ఆరంభమయ్యే విషయాలే వాటిలో చోటుచేసుకున్నాయి. అనారోగ్యాన్ని లెక్కచేయక శ్రమించిన ఆయన 1923 జూలైలో, 46 ఏళ్ల వయస్సులోనే మద్రాసులో పరమపదించారు. అసంపూర్తిగా మిగిలిన ఆ కృషిని కొనసాగించే బాధ్యతను దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు స్వీకరించారు.

భాషానిలయానికి అనతిదూరంలోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నేడు ఉద్యోగార్థులతో కిటకిటలాడుతోంది. అశోక్‌నగర్ పరిసరాలలో అద్దె గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న గ్రామీణ యువతీయువకులలో ఎందరో చరిత్రను, విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులోనే అధ్యయనం చేస్తున్నారు. వారికి ప్రామాణికమైన తెలుగు గ్రంథాలు సమకూర్చడం, వాటిపై చర్చాగోష్ఠులు నిర్వహించడమే లక్ష్మణరావుకు సముచితమైన నివాళి కాగలదు.