మాతృశ్రీ తరిగొండ వేంగమాంబ

రాయలసీమయందలి తరిగొండలో 1730 ప్రాంతమున జన్మించిన వేంగమాంబ బాల్యముననే భర్తను కోల్పోయెను. శ్రీహరియే తన పతియని నమ్మిన ఆమె సువాసినీ చిహ్నములను విడువలేదు. అందుచే లోకనిందకు గురియై, తుదకు స్వగ్రామమును వీడి తిరుమల చేరెను. కొంతకాలము తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసెను.

నిందలు ఆమె ఘంటమును ఆపలేకపోయినవి. తరిగొండ నృసింహశతకముతో నారంభమైన కవిత యక్షగానములుగా, ద్విపదభాగవతముగా, వేంకటాచలమాహాత్మ్యముగా విస్తరిల్లెను. ఆమె నరులను గాక భగవంతునే కృతిపతిగా నెంచుకొనెను. 1817లో పరమపదించెను.

ఊరు ఆదరింపని ఆ భక్తురాలి పేరిట ముత్యాలహారతి నేటికిని ఏకాంతసేవావేళ శ్రీనివాసునకు జరుగుచున్నది. లోకము వినలేదని కీర్తనము మానరాదు. వినవలసిన స్వామి విన్నచో, ఆయన సన్నిధికి వచ్చు భక్తకోటియే ఆ కవికి శ్రోతలగుదురు.