ఈశ్వరీబాయి

దళిత కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల నుండి ఆనాటి సమాజం ఆశించినది అణకువ ఒక్కటే. ఈశ్వరీబాయి 1918 డిసెంబరు 1న సికింద్రాబాదులోని చిలకలగూడలో జన్మించారు. 13వ ఏటనే పూణేకు చెందిన దంతవైద్యునితో వివాహమైంది. ఆ కాపురం నిలవలేదు. భర్తను వీడి పుట్టిల్లు చేరిన స్త్రీని లోకం వేలెత్తి చూపే రోజులవి. ఆమె మాత్రం తలవంచలేదు. ఉపాధ్యాయినిగా పనిచేస్తూ కుమార్తెను పెంచారు. అంబేద్కర్ భావాలు ఆమెను ప్రజాజీవితంలోకి నడిపించాయి. 1967లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థినిగా ఎల్లారెడ్డిలో మాజీ మంత్రి సదాలక్ష్మిని ఓడించి శాసనసభలో ప్రవేశించారు. ఇద్దరూ దళిత మహిళలే కావడం గమనింపదగిన విషయం. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పాల్గొన్నారు. 1972లో మరల గెలుపొందారు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అప్పటికే ఆమె కుమార్తె గీతారెడ్డి వైద్యురాలై, 1989లో గజ్వేలు నుండి అదే సభకు ఎన్నికయ్యారు.