గోత్రం విడిచినవాని వంశావళి

చెర నుండి తిరిగి వచ్చిన యాజకుల్లో కొందరు తమ వంశావళి పుస్తకాలు వెదికి, అందులో తమ పేర్లు కనబడక యాజకత్వానికి దూరమయ్యారని ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం చెబుతుంది. పేరు రాసి లేకపోవడమంటే ఏమిటో అరకులోయ విశ్వాసులకు తెలుసు. ఇక్కడ కొర్రా వారిది సూర్యుని వంశం, కిల్లో వారిది పులి, పాంగి వారిది గద్ద, వంతాల వారిది పాము. ఇంటిపేరే వంశచరిత్ర. తాతకు తాత ఎవరని అడిగితే పెద్దలు నోటితో చెప్పాల్సిందే. కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో కాగితం మీద మొదట కనబడే పేరు సంఘపు బాప్తిస్మం రిజిస్టరులోనిదే.

అలా పూర్వికుని పేరు వెదుక్కునేవారికి ఇదే తూర్పు కనుమల అంచున పుట్టిన మరో మనిషిని గుర్తుచేయాలనుకుంటున్నాం. ఆయనకు వంశావళి ఉంది. దాన్ని ఆయనే వదులుకున్నాడు.

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టాడు. తండ్రి కూర్మనాథ చౌదరి. వారిది వంగదేశం నుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. సంస్కృతం, ఒరియా, తెలుగు చదువుకున్నాడు. పాపానికి పరిహారం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలు చేతికి వచ్చాక ఆ వెదుకులాట ఒక దారికి వచ్చింది. 1833 అక్టోబరు 6న కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి ముప్పై ఏళ్లు.

ఆ రోజుల్లో బ్రాహ్మణుని కొడుకు బాప్తిస్మం తీసుకుంటే, తండ్రికి పిండం పెట్టేవాడు ఇంట్లో ఒకడు తగ్గినట్టే. కులం పోయినవానికి పిత్రార్జితంలో హక్కు కూడా పోయేది. ఆ నష్టాన్ని తొలగించిన చట్టం 1850లో గానీ రాలేదు. భార్య మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఆమె కూడా ప్రభువును అంగీకరించింది. ఈ మధ్య కాలమంతా ఆ ఇంట్లో ఎంత కన్నీరు కారిందో మనం ఊహించుకోవలసిందే.

మన సంఘాల్లో ఒక అలవాటుంది. చౌదరి గారి పేరెత్తగానే ఆయన బ్రాహ్మణుడని ముందుగా చెప్పుకొంటాం. ఆయన వదిలేసిన దాన్ని మనం ఏరుకుంటున్నాం! కులాచార పరీక్ష అని పుస్తకం రాసిన మనిషి ఇది వింటే సంతోషిస్తాడని మేము అనుకోవడం లేదు.

శ్రీకాకుళం, బరంపురం, విశాఖపట్నం ప్రాంతాల్లో సువార్త చెప్పాడు. వందకు పైగా కీర్తనలు రాశాడు. త్రాహిమాం కీర్తన పాడని తెలుగు సంఘం ఉందా? 1890 ఆగస్టు 24న ప్రభువునందు నిద్రించాడు.

ఈయన జాడ వెదకడం కూడా సులువు కాదు. పుట్టిన పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒడిశాకు వెళ్లింది, ఇప్పుడది గజపతి జిల్లా. బాప్తిస్మం ఇచ్చిన కటకంలోనిది జనరల్ బాప్టిస్టు మిషను. విశాఖపట్నంలో 1805లో పని మొదలుపెట్టింది లండన్ మిషను, దాని కాగితాలు లండన్‌లో సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఒక్క మనిషి కోసం రెండు రాష్ట్రాలు, సముద్రానికి అవతల ఒక నగరం తిరగాలి. అరకు కూడా 2022 ఏప్రిల్ నుండి విశాఖ జిల్లాలో లేదు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. పాత కాగితాలు అడిగేటప్పుడు ఏ సంవత్సరంలో మన ఊరు ఏ జిల్లా కింద ఉందో ముందు తెలుసుకోవాలి.

వాటికంటే ముందు సంఘంలోని పాత రిజిస్టరు తెరవండి, చెద పట్టకముందే. తండ్రి పేరు ఉంటుంది. తల్లి పేరు చాలాసార్లు ఉండదు. మత్తయి తన సువార్త మొదటి అధ్యాయంలో తామారును, రాహాబును, రూతును విడిచిపెట్టకుండా రాశాడు. మీ అవ్వల పేర్లు తెలిసినవారు ఇంకా ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వారి పక్కన కూర్చుని రాసుకోండి.