మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పావగడ తాలూకాలోని నాగలమడికె పక్కగా సాగే ఉత్తర పినాకిని నది నంది కొండల ప్రాంతంలో పుట్టింది. ఆ కొండల దాపునే ముద్దేనహళ్ళి అనే పల్లె ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ పల్లెలో 1861 సెప్టెంబరు 15న జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం నుండి వలస వచ్చారు. మీలో చాలామందికి లాగే వారికీ ఇంటి భాష తెలుగు, ఊరి భాష కన్నడం.

చిన్నతనంలోనే తండ్రి మరణించారు. విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువు సాగించి, 1881లో బి.ఏ. పట్టం పొందారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో సహాయ ఇంజనీరుగా చేరారు. నీరు ఒక మట్టానికి రాగానే వాటంతటవే తెరుచుకునే తలుపులను రూపొందించి, ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చారు. 1908లో ఆ ఉద్యోగం నుండి విరమించారు.

ఆ ఏడే సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగింది. వేలాది ఇండ్లు కూలిపోయాయి. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. నగరాన్ని తిరిగి నిలబెట్టడానికి సలహా ఇవ్వవలసిందిగా నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని కోరింది. అప్పుడు విదేశాలలో ఉన్న ఆయన, 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు.

కూలిన ఇండ్లను కట్టడం ఒక్కటే చాలదు. మళ్ళీ వరద వస్తే కొత్త ఇండ్లూ కొట్టుకుపోతాయి. అందుచేత ఆయన మొదట వరదకు కారణం వెదికారు. కురిసిన వానకూ, పారిన నీటికీ లెక్కలు కట్టారు. నగరానికి ఎగువన 788 చెరువులు ఉండగా, వాటిలో 221 తెగిపోయినట్లు తేలింది. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. అదీ తాళలేక తెగుతుంది. ఆ విధంగా వాన నీటికి చెరువుల నీరు తోడై నగరం మీద పడింది.

ఆయన ఆరు నెలలలోపే నివేదిక సమర్పించారు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను ఆపాలి. గట్టులు దాటకుండా నది మోయగలిగినంత నీటినే కిందికి వదలాలి. ఇదే ఆయన ఉపాయం. దాని ప్రకారం మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే నగరానికి తాగునీరయింది.

తరువాత ఆయన మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగరం నిర్మాణానికి మూలపురుషులయ్యారు. 1955లో భారతరత్న బిరుదు పొందారు. నూరేళ్ళ నిండు జీవితం గడిపి 1962లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు.

పావగడ కరవు సీమ. ఇక్కడివారికి వరదతో పని ఏమిటని మీకు అనిపించవచ్చు. కాని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పెద్ద వాన కురిసిన రోజున కట్ట తెగితే, చెరువు నీరంతా పోతుంది. మిగిలేది మళ్ళీ కరవే. కట్టమీది కంపచెట్లు కొట్టడం, మరవకు అడ్డం తీయడం, తూము బాగుచేయడం ఎండాకాలంలోనే ముగించవలసిన పనులు. ఆపద వచ్చాక చేసే సాయం కంటే, రాకముందు చేసే పని మేలని విశ్వేశ్వరయ్యగారి జీవితం మనకు తెలుపుతున్నది.