లెక్కను తెలుగు చేసిన పావులూరి మల్లన

ఆదికవి నన్నయభట్టు పేరెరుగని ఆంధ్రుడు లేడు. ఆ కాలమునకు చేరువనే వెలసి, తెలుగు పద్యములలో లెక్కలు నేర్పిన మహనీయుడొకడు మన సీమవాడేయని తెలిసినవారు మాత్రము కొలదిమంది. ఆతడు పావులూరి మల్లన. ఇంకొల్లునకు సమీపమునగల పావులూరు ఆతని గ్రామము. ప్రాచీన కాలమున కమ్మనాటిలోనిదైన ఆ యూరు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది.

మల్లన తాతగారి పేరును మల్లనయే. రాజమహేంద్రవరము రాజధానిగా 1022 మొదలు 1061 వరకు రాజ్యమేలిన రాజరాజనరేంద్రుడు ఆ తాతగారికి పిఠాపురము చెంత నవఖండవాడయను గ్రామమును దానమొసగెనని ప్రసిద్ధి. గ్రంథకర్త నన్నయకు సమకాలికుడని కొందరు పండితులు తలచిరి. దానము పొందినవాడు తాత గనుక, మనుమడైన మల్లన పండ్రెండవ శతాబ్దిలోనివాడని మరికొందరు నిర్ణయించిరి.

గణితశాస్త్రము ఒక్కనాట పుట్టినది కాదు. ఒక్కని సొత్తును కాదు. చేను కొలుచుట, పంట పంచుకొనుట, అప్పునకు వడ్డి కట్టుట మున్నగు అవసరములు దానికి బీజములు. ఆర్యభటుడు 499లో దానిని శాస్త్రముగా కూర్చెను. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో చేయు లెక్కలకు నియమములేర్పరచెను. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, సుమారు 850లో, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమను గ్రంథమును సంస్కృతమున రచించెను. మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే. తెలుగున మనకు లభించిన గణితగ్రంథములలో ఇదియే మొదటిది.

మల్లన శివభక్తుడు. మూలములోని జైనమత ప్రసక్తులను తొలగించి, శైవమునకు తగిన ఉదాహరణములను చేర్చెను. దేవుని పేరు మారినను లెక్క మారలేదు. జైనుడు చెప్పిన సూత్రము శైవుని చేతను అదే ఫలమునిచ్చినది. ఏ మతమువాడు చెప్పినను, ఏ భాషలో చెప్పినను సత్యము సత్యమే యగుట గణితమునకు సహజ లక్షణము.

ఈ విద్య పల్లెకు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణము చాలును. నాలుగు భుజముల చేనునకు వైశాల్యము కట్టుటలో మహావీరుడు స్థూలమనియు సూక్ష్మమనియు రెండు విధములు చెప్పెను. ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, వచ్చిన రెంటిని గుణించుట స్థూలవిధము. ఒక చేనునకు అడుగుభుజము 14 బారలు, దానికి సమాంతరమైన పైభుజము 4 బారలు, ప్రక్కభుజములు 13 బారల చొప్పున ఉన్నవనుకొందము. స్థూలవిధమున 117 చదరపు బారలు వచ్చును. సూక్ష్మముగా కట్టినచో 108 మాత్రమే. స్థూలవిధము ఎన్నడును తక్కువ చూపదు. చదరముగా గాని, దీర్ఘచతురస్రముగా గాని లేని ప్రతి చేనును ఎక్కువగానే చూపును. లేని ఆ తొమ్మిది బారలకు శిస్తు చెల్లించువాడు రైతు. లెక్క సంస్కృతమున పండితుల యొద్దనే యున్నంతకాలము రైతు ఆ భేదమును అడుగజాలడు. తెలుగున వచ్చిన పిమ్మట అడుగుటకు మార్గమేర్పడినది.

అవసరమునుండి పుట్టిన శాస్త్రము అవసరముతో ఆగిపోదు. 142857143ను ఏడుచే గుణించిన 1000000001 వచ్చును. ఇట్టి సంఖ్యలను మహావీరుడు కంఠహారములతో పోల్చెను. వీనివలన ఏ చేనును కొలువబడదు. మనస్సునకు ఆనందము మాత్రము కలుగును. చదరంగపు గడులు 64. మొదటి గడికి ఒక గింజయుంచి, పిమ్మట గడిగడికి రెట్టింపు చేసినచో మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ ఇరువది అంకెల సంఖ్యను ఒక్క పద్యమున ఇమిడ్చిన ఘనత మల్లనదని ప్రసిద్ధి. చంద్రుడనిన ఒకటి, శరములనిన అయిదు, గగనమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుకొనవలెను. పద్యమునకు ఛందస్సు కావలి గనుక ఒక్క పదము తప్పినను చెవి పట్టుకొనును. తాటాకుపై అంకె చెరగిపోయినను నాలుకపై సంఖ్య నిలుచును.

ఇటలీ దేశమున ఫిబొనాచి మన అంకెలను ఐరోపావారికి నేర్పుచు గ్రంథము వ్రాసినది 1202లో. అంతకు మునుపే కృష్ణకు దక్షిణమున ఒక పల్లెవాడు ఆ అంకెలతో పెద్ద లెక్కలను తన వారి నుడిలో చెప్పియుండెను. తరువాత ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని తెలుగునకు తెచ్చి ఆ బాటను పొడిగించెను. పావులూరి గణితమనిన లెక్కల పుస్తకమనియే తరతరములవారు ఎరుగుదురు.

మల్లన రూపురేఖలు మనకు దక్కలేదు, గ్రంథము దక్కినది. తాటాకులు శిథిలమగుచున్నప్పుడెల్ల ఎవరో ఒకరు మరల వ్రాసి కాపాడుటచేతనే అది దక్కినది. గ్రంథాలయము చేయు పనియు అదియే. మన పత్తిచేలను, మిరపచేలను నేడు యంత్రములు కొలుచుచున్నవి. యంత్రము చెప్పిన లెక్క సరియగునో కాదో విచారించు తెలివి మాత్రము మన బాలబాలికలకు చదువువలననే రావలెను. ఆ చదువు తల్లిభాషలో దొరకవలెనని తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే తలచిన పావులూరి మల్లన మనకు చిరస్మరణీయుడు.